ట్రాఫిక్ షేపింగ్

రూటర్ గుండా సాగే డేటాను రకాలవారీగా విడదీసి, ఏ రకానికి సెకనుకు ఎన్ని బిట్లు దాటనివ్వాలో ముందే నిర్ణయించి అమలు చేసే పద్ధతి ట్రాఫిక్ షేపింగ్. హద్దు మీరిన ప్యాకెట్లను క్యూలో కాసేపు ఆపి పంపితే షేపింగ్ అని, అక్కడికక్కడే పారేస్తే పోలీసింగ్ అని అంటారు.

దీని అవసరం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 1500 బైట్ల ప్యాకెట్ అంటే 12,000 బిట్లు. సెకనుకు 128 కిలోబిట్ల లైను మీద అది బయటికి పోవడానికి సుమారు 94 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంటర్నెట్ ఫోను కాల్‌లో సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒక మాటల ప్యాకెట్ బయలుదేరుతుంది. ముందు పది ఫైలు ప్యాకెట్లు నిలబడి ఉంటే మాట దాదాపు ఒక సెకను ఆలస్యంగా చేరుతుంది. అలాంటి మాటలతో సంభాషణ నడవదు. ఫైలుకు హద్దు పెట్టి, మాటలను ముందు వదిలితే అదే లైను రెండింటికీ సరిపోతుంది.

సొమ్ము ఎక్కువ కట్టిన టెలిగ్రామును ముందు పంపే పద్ధతి తంతి కాలంలోనే ఉండేది. కంప్యూటర్ నెట్‌వర్కుల్లో 1969 నాటి ఆర్పానెట్ తర్వాత, 1981 సెప్టెంబరులో వెలువడిన ఇంటర్నెట్ ప్రొటోకాల్ ప్రమాణం ప్రతి ప్యాకెట్‌లోనూ సేవా రకాన్ని సూచించడానికి ఒక బైటు కేటాయించింది. చాలా ఏళ్ళు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

ఈ విద్యకు పునాది పడింది 1984 నుంచి 1998 దాకా సాగిన కాలంలో. ఫోర్డ్ ఏరోస్పేస్‌లో పనిచేసిన జాన్ నేగల్ 1984 జనవరిలో ఆర్‌ఎఫ్‌సి 896 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ద్వారా నెట్‌వర్క్ రద్దీ గురించి హెచ్చరించాడు. 1985 డిసెంబరు నాటి ఆర్‌ఎఫ్‌సి 970లో మరో అడుగు వేసి, రూటర్‌కు అంతులేని మెమరీ ఇచ్చినా రద్దీ తీరదని చూపించాడు. క్యూ పెరిగేకొద్దీ ప్యాకెట్లకు గమ్యం చేరకముందే కాలం చెల్లిపోతుంది. అందుకు అతను చెప్పిన మందు సులువైనది: పంపే ప్రతి కంప్యూటర్‌కూ వేరే క్యూ పెట్టి, వంతులవారీగా ఒక్కో ప్యాకెట్ తీసుకోవాలి. అత్యాశతో పంపేవాడి క్యూ మాత్రమే పెరుగుతుంది, పక్కవాడికి నష్టం ఉండదు. తర్వాత వచ్చిన చాలా పద్ధతుల్లో ఈ న్యాయబుద్ధే కనిపిస్తుంది.

నేగల్ భయపడినట్టే 1986 అక్టోబరులో జరిగింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, 400 గజాల దూరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం ఇంటర్నెట్‌ను నిలబెట్టింది. అయితే ఆ మార్పు రూటర్లలో కాదు, రెండు కొసల్లో ఉన్న కంప్యూటర్లలో జరిగింది. రూటర్ వైపు పని డేవిడ్ మిల్స్ చేశాడు. అమెరికా పరిశోధనా నెట్‌వర్క్ ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ 56 కిలోబిట్ల వెన్నెముక కిక్కిరిసిపోయినప్పుడు అతని ‘ఫజ్‌బాల్’ రూటర్లు ఫైళ్ళను వెనక్కి నెట్టి, మనుషులు కీబోర్డు మీద టైపు చేసే టెల్‌నెట్ ప్యాకెట్లను ముందు వదిలాయి. ట్రాఫిక్‌ను రకాన్నిబట్టి వేరుచేసిన తొలి పెద్ద ప్రయోగాల్లో ఇదొకటి. 1988 జులైలో లైన్లు 1.5 మెగాబిట్లకు పెరిగాయి.

1986లోనే జొనాథన్ టర్నర్ ‘లీకీ బకెట్’ను ప్రతిపాదించాడు. దీనికి దగ్గరి బంధువైన టోకెన్ బకెట్ నేటికీ రేటు పరిమితికి ప్రధాన సాధనం. బకెట్‌లోకి టోకెన్లు నిర్ణీత వేగంతో చేరుతుంటాయి. ప్యాకెట్ తన పొడవుకు సరిపడా టోకెన్లు చెల్లించి బయటపడుతుంది. లేకపోతే ఆగుతుంది. బకెట్ లోతు ఎంతో, ఒక్క ఊపులో పోగలిగే డేటా అంత.

1989లో అలెన్ డెమెర్స్, శ్రీనివాసన్ కేశవ్, స్కాట్ షెంకర్ నేగల్ ఆలోచనకు గణిత రూపం ఇచ్చి, పెద్ద ప్యాకెట్లు పంపేవాడికి ఎక్కువ వాటా దక్కే లోపాన్ని సరిదిద్దారు. 1995లో శ్రీధర్, జార్జ్ వర్గీస్ కనిపెట్టిన డెఫిసిట్ రౌండ్ రాబిన్ అదే న్యాయాన్ని అతి తక్కువ లెక్కతో సాధించింది. హార్డ్‌వేర్‌లో ఇమిడిపోయేంత తేలికైన ఆ పద్ధతి ఎంతో చక్కని ఆవిష్కరణ. అదే ఏడాది శాలీ ఫ్లాయిడ్, జాకబ్సన్ ఒక లైనును ముందు సంస్థల మధ్య, ఆ తర్వాత ఒక్కో సంస్థలో ట్రాఫిక్ రకాల మధ్య పంచే అంచెల నమూనాను వివరించారు. ఒకరు వాడుకోని వాటాను ఇంకొకరు అరువు తీసుకోవచ్చన్నది అందులోని కీలకాంశం. 1998 డిసెంబరులో డిఫ్‌సర్వ్ ప్రమాణం పాత సేవా రకం బైటులో ఆరు బిట్లను తీసుకుని 64 గుర్తులకు చోటిచ్చింది. ఫోను మాటలకు సాధారణంగా వేసే గుర్తు 46.

1999 జనవరిలో వచ్చిన లినక్స్ 2.2తో ఈ సాధనాలు మామూలు కంప్యూటర్‌లోకి చేరాయి. తర్వాత మార్టిన్ దెవెరా లినక్స్ కోసం రాసిన హెచ్‌టీబీ అనే క్యూ పద్ధతిలో ప్రతి రకానికీ ఒక హామీ రేటు, ఒక పైహద్దు ఉంటాయి. 2 మెగాబిట్ల లైనులో డౌన్‌లోడ్లకు 512 కిలోబిట్లు హామీ ఇచ్చి, లైను ఖాళీగా ఉంటే 2 మెగాబిట్ల దాకా పోనివ్వవచ్చు. అమలులో తరచూ జరిగే పొరపాటు, హద్దును లైను వేగంతో సమానంగా పెట్టడం. కాస్త తక్కువగా పెడితేనే క్యూ మోడెమ్‌లో కాక మన రూటర్‌లో నిలుస్తుంది. క్యూ ఎక్కడుంటే పెత్తనం అక్కడే. భారత్‌లో చిన్న ఇంటర్నెట్ సంస్థలు వాడే లాత్వియా దేశపు మైక్రోటిక్ రూటర్లలో కూడా వరస ఇదే: ప్యాకెట్‌కు గుర్తు వేయడం, ఆ గుర్తుకు క్యూ కట్టడం.

పాటలు పంచుకునే నాప్‌స్టర్ వచ్చాక అమెరికా విశ్వవిద్యాలయాలు పాటల డౌన్‌లోడ్లకు హద్దులు పెట్టాయి. 2007 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు కింగ్ జేమ్స్ బైబిల్‌ను ఫైళ్ళు పంచుకునే బిట్‌టొరెంట్ ద్వారా పంపబోయి, ఇంటర్నెట్ సంస్థ కామ్‌కాస్ట్ నకిలీ ప్యాకెట్లతో ఆ కనెక్షన్లను తెంచుతోందని నిర్ధారించారు. 2008 ఆగస్టులో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని తప్పుబట్టింది. ఆ ఉత్తర్వును 2010 ఏప్రిల్‌లో కోర్టు కొట్టేసింది. అప్పటికే కామ్‌కాస్ట్ మెరుగైన దారి పట్టింది. ఏ ప్రొటోకాల్ అన్నది చూడకుండా, రద్దీ ఉన్నప్పుడు మాత్రమే, అంతకుముందు కొద్ది నిమిషాల్లో విపరీతంగా వాడినవారి ప్యాకెట్లను వెనక నిలిపింది.

భారత్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న డేటా ధరల్లో వివక్షను నిషేధించింది. 2017 నవంబరులో అది చేసిన సిఫార్సులను కేంద్రం 2018 జులైలో ఆమోదించింది. ఇంటర్నెట్ సంస్థ ఫలానా సైటును గానీ, ఫలానా రకం ట్రాఫిక్‌ను గానీ వివక్షతో మందగింపజేయకూడదు. రద్దీని అదుపు చేయడానికి తగిన మోతాదులో, తాత్కాలికంగా, వినియోగదారుకు తెలిసేలా తీసుకునే చర్యలకు మినహాయింపు ఉంది. సొంత ఇంటి రూటర్‌లో ఎవరేం చేసుకున్నా ఈ నియమాలకు సంబంధం లేదు.

2012లో లినక్స్‌లో చేరిన ఎఫ్‌క్యూ కోడెల్, 2018లో వచ్చిన కేక్ అనే క్యూ పద్ధతులు మళ్ళీ నేగల్ బాటలో నడిచాయి. అవి ప్యాకెట్ లోపలికి తొంగి చూడవు. ఒక్కో ప్రవాహాన్ని వేరు చేసి, క్యూలో ఎంతసేపు నిలిచిందో కొలుస్తాయి. 2021 మేలో ప్రమాణమైన క్విక్ ప్రొటోకాల్ దాదాపు అంతా గుప్తలిపిలోనే పంపుతుంది కాబట్టి, లోపలి సమాచారాన్ని చదివి రకం తేల్చే పాత పరికరాలకు ఇప్పుడు చిరునామా, పోర్టు, ప్యాకెట్ల పొడవు, వాటి మధ్య వ్యవధి వంటి బయటి ఆనవాళ్ళే మిగిలాయి.