‘హోమో సేపియన్స్’ అనే మాట

‘హోమో సేపియన్స్’ అంటే జ్ఞానవంతుడైన మానవుడని మన పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చివేస్తాయి. అర్థం సరైనదే, కాని ఆ మాటకూ ఒక చరిత్ర ఉంది. లాటిన్‌లో ‘హోమో’ నేలకు పేరైన ‘హ్యూమస్’కు దగ్గర చుట్టం. ‘సేపియన్స్’కు మూలమైన క్రియకు మొదటి అర్థం రుచి చూడడం, వివేకం ఆ తర్వాతి మాట. రసజ్ఞుడనే మాట తెలిసిన మనకు ఈ దారి కొత్తది కాదు.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1735లో ప్రకటించిన ప్రకృతి వర్గీకరణలో మనిషిని కోతుల సరసన కూర్చోబెట్టాడు. దేవుని పోలికలో పుట్టాడన్న ప్రాణిని జంతువుల పట్టికలో చేర్చడం ఆనాటికి సామాన్య సాహసం కాదు. 1758 నాటి పదవ ముద్రణలో ‘సేపియన్స్’ చేరింది. అయితే అదే పుటలలో అతడు మానవజాతిని రంగునుబట్టి నాలుగు ఖండాలకు పంచాడు: ఐరోపావాడు కల్పనాచతురుడట, ఆసియావాడు లోభియట, ఆఫ్రికావాడు సోమరియట! అది బానిస వ్యాపారం ముమ్మరంగా సాగిన శతాబ్దం. తీర్పు చెప్పినవాడు ఏ ఖండంవాడో చెప్పనక్కరలేదు. 1959లో విలియం స్టెర్న్ అనే పండితుడు ఈ జాతికి నమూనాగా లినేయస్‌నే నిర్ణయించడం కూడ గమనించదగినదే.

మన ‘మానవుడు’ కథా ఇంతే. మాట ప్రకారం అందరూ మనువు సంతానం. మనువు పేరిట వెలసిన స్మృతి ప్రకారం కొందరు అధికులు, కొందరు అధములు. ఆ స్మృతిని 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వాన దహనం చేశారు. తొంబైఅయిదేళ్లు గడవబోతుండగా, కోనసీమ జిల్లాకు ఆయన పేరు చేర్చరాదంటూ సాగిన ఆందోళనలో, 2022 మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇంటికి నిప్పుపెట్టారు. పేరు మాత్రం ఖాయమైంది.

కోనసీమ ఎవరిదన్న ఆ తగాదాలో శాస్త్రానికీ చెప్పవలసినదొకటి ఉంది. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన, మన జాతివిగా భావిస్తున్న ఎముకల వయస్సు సుమారు మూడు లక్షల ఏండ్లని 2017లో తేలింది. గౌతమీ వసిష్ఠల నడుమ ఈ డెల్టా నేలను గోదావరి మోసుకొచ్చి పోసినది చాలవరకు గత ఆరేడు వేల ఏండ్లలోనే. రాజోలు లంకలలో కొబ్బరితోట ఉన్న ఆసామి పూర్వులైనా, ఆ తోటలో దింపు తీసే కూలివాని పూర్వులైనా, ఈ మట్టి పుట్టకముందే మరెక్కడో మనుషులై ఉన్నవారే.