ముసలి పిల్లికి పళ్ల సర్జరీ.. మత్తు ఇస్తే ప్రాణానికి ముప్పా? చేయించే ముందు ఇవి చూడాల్సిందే!

ఆకలిగా గిన్నె దగ్గరకు వెళ్తుంది.. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని తల విదిలించి పక్కకు వచ్చేస్తుంది. దగ్గరకు తీసుకుంటే నోటి నుంచి దుర్వాసన. పదేళ్లు దాటిన పిల్లి ఇలా చేస్తుంటే 'వయసైపోయింది, తిండి తగ్గింది' అనుకునేవాళ్లే ఎక్కువ. డాక్టర్‌కు చూపిస్తే పన్ను తీసేయాలి, మత్తు ఇవ్వాలి అంటారు. అప్పటికే దానికి కిడ్నీ సమస్యో, గుండె జబ్బో ఉంటే అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది. మత్తులోంచి లేస్తుందా? ఈ వయసులో ఆపరేషన్ అవసరమా?

ఈ భయంలో నిజం లేకపోలేదు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ నిపుణులు బ్రిటన్‌లో మత్తు ఇచ్చిన వేలాది జంతువుల రికార్డులు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో మత్తు సంబంధిత మరణాలు 0.11 శాతం, అంటే సుమారు 900లో ఒకటి. జబ్బుతో ఉన్నవాటిలో మాత్రం అది 1.40 శాతం. అంటే సుమారు 70లో ఒకటి. 12 ఏళ్లు దాటిన పిల్లులకు ముప్పు ఇంకా పెరుగుతుందని కూడా తేలింది. అయితే ఈ లెక్కలో అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆపరేషన్లు కూడా ఉన్నాయి. ముందే పరీక్షలు చేయించి, తీరిగ్గా చేసే పళ్ల సర్జరీని వాటితో సమానంగా చూడలేం.

ఇదే అధ్యయనంలో చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. చనిపోయిన పిల్లుల్లో 60 శాతానికి పైగా ఆపరేషన్ టేబుల్ మీద కాదు, అది పూర్తయ్యాక చనిపోయాయి. వాటిలోనూ ఎక్కువ మొదటి మూడు గంటల్లోనే. కాబట్టి సర్జరీ ఎవరు చేస్తారన్నది ఎంత ముఖ్యమో, తర్వాత పక్కన ఎవరుంటారన్నదీ అంతే ముఖ్యం. 'అయిపోయింది, తీసుకెళ్లండి' అని అరగంటలో తూలుతున్న పిల్లిని చేతిలో పెట్టే క్లినిక్ అయితే ఒకసారి ఆలోచించుకోవాలి.

వదిలేస్తే ఏమవుతుంది?

పిల్లికి 30 పళ్లు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ వాటికి ఎక్కువగా వచ్చే సమస్య మనుషుల్లో లాంటి పుచ్చు కాదు. పన్ను తనంతట తానే కరిగిపోవడం. దీన్ని టూత్ రిసార్ప్షన్ అంటారు. పైకి చిగురు దగ్గర చిన్న ఎర్రటి మచ్చలా కనిపిస్తుంది, కింద వేరు సగం పోయి ఉంటుంది. నరం బయటపడితే నొప్పి మామూలుగా ఉండదు. కానీ పిల్లి ఏడవదు, అరవదు. ఒకవైపే నమలడం, ముద్ద జారవిడవడం, ఒళ్లు నాక్కోవడం మానేయడం.. ఇవే దాని భాష.

యాంటీబయాటిక్ కోర్సు వాడితే వారం రోజులు వాసన తగ్గుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. కరిగిపోతున్న పన్నుకు మందు లేదు, తీయడమే. పైగా కిడ్నీ జబ్బున్న పిల్లి తిండి మానేస్తే కండ కరిగి మరింత నీరసిస్తుంది. సర్జరీ వద్దనుకోవడం కూడా ఓ నిర్ణయమే, దానికీ రిస్క్ ఉంది. అలాగని పంటి మీద కాస్త గార కనిపించగానే 15 ఏళ్ల పిల్లిని టేబుల్ ఎక్కించాల్సిన పనీ లేదు. నొప్పి, ఇన్ఫెక్షన్, తిండి మానేయడం.. వీటిలో ఏదైనా ఉందా అన్నదే చూడాలి.

కిడ్నీలే మొదటి గండం

పదేళ్లు దాటిన పిల్లుల్లో కిడ్నీ జబ్బు చాలా సాధారణం. చిక్కేంటంటే రక్తంలో క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికే కిడ్నీల పనితనం ముప్పావు వంతు పోయి ఉంటుంది. అందుకే 'బ్లడ్ రిపోర్ట్ నార్మల్' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. మూత్రం చిక్కదనం, బీపీ, వీలైతే ఎస్‌డీఎంఏ అనే రక్తపరీక్ష కూడా చేయించాలి. ఇది క్రియాటినిన్ కంటే ముందే పసిగడుతుంది.

మత్తు మందు నేరుగా కిడ్నీని దెబ్బతీయడం కంటే, బీపీని పడగొట్టి దెబ్బతీయడం ఎక్కువ. బీపీ పడిపోతే కిడ్నీకి రక్తం అందదు. ఉన్న కాస్త పనితనం కూడా పోతుంది. ఆపరేషన్ జరుగుతున్నంత సేపూ కొన్ని నిమిషాలకోసారి బీపీ చూస్తూ ఉండాలని నిపుణులు చెప్పేది ఇందుకే. పన్ను తీసే చోట నరానికి లోకల్ ఇంజెక్షన్ ఇస్తే పీల్చే మత్తు తక్కువ సరిపోతుంది. బీపీ కూడా అంతగా పడదు. 'లోకల్ బ్లాక్ ఇస్తారా?' అని డాక్టర్‌ను అడగడంలో తప్పేం లేదు.

మన నగరాల్లో చాలా ఇళ్లలో కనిపించే పర్షియన్ పిల్లుల విషయంలో ఇంకాస్త జాగ్రత్త. కిడ్నీల్లో నీటి తిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు ఈ జాతిలో ఎక్కువ. అల్ట్రాసౌండ్ తీస్తే తెలిసిపోతుంది. చప్పిడి ముక్కు వల్ల మత్తులోనూ, లేచేటప్పుడూ ఊపిరి ఆడటం కూడా కష్టమే.

గుండె సంగతి వేరు. గుండె కండరం మందం కావడం పిల్లుల్లో ఎక్కువగా కనిపించే గుండె జబ్బు. స్టెతస్కోప్‌తో విన్నప్పుడు ఏ తేడా లేకపోయినా జబ్బు ఉండొచ్చు, శబ్దం తేడాగా ఉన్నా జబ్బు లేకపోవచ్చు. అనుమానం ఉంటే ఎకో తీయించాలి. ఇక్కడో ఇరకాటం ఉంది. కిడ్నీ కోసం సెలైన్ కావాలి. అదే సెలైన్ ఎక్కువైతే బలహీనమైన గుండె తట్టుకోలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఈ రెండు జబ్బులూ ఉన్న పిల్లికి సెలైన్‌ను చూసి చూసి, పంపుతో కొలిచి ఎక్కించాల్సిందే.

బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ ఎక్కువైందేమో చూడాలి. అదే అయితే ముందు కొన్ని వారాలు మందులతో అదుపులోకి తెచ్చి, ఆ తర్వాతే పళ్ల జోలికి వెళ్లడం మంచిది. షుగర్ ఉన్న పిల్లికి సర్జరీ రోజు ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో ముందే రాయించుకోవాలి. బీపీ మాత్రలు ఆ ఉదయం వేయాలా వద్దా అన్నదీ అంతే, సొంతంగా నిర్ణయం తీసుకోవద్దు.

టేబుల్ మీద చిన్న పొరపాట్లు.. పెద్ద నష్టాలు

పళ్ల సర్జరీకి ప్రత్యేకంగా ఉన్న ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. నోరు తెరిచి ఉంచడానికి స్ప్రింగ్ క్లిప్ పెట్టి బాగా సాగదీస్తే మెదడుకు, కంటికి రక్తం తీసుకెళ్లే నాళం నొక్కుకుపోతుంది. సర్జరీ బాగానే జరిగినా పిల్లి గుడ్డిదై లేచిన కేసులు ఉన్నాయి. అలాంటి 20 కేసులతో 2012లో ఒక అధ్యయనం వెలువడింది. కొన్నింటికి చూపు తిరిగొచ్చింది, అన్నింటికీ రాలేదు. అప్పటి నుంచి స్ప్రింగ్ క్లిప్ వద్దని, అవసరమైతే చిన్న ప్లాస్టిక్ ముక్కతో కొద్దిగా మాత్రమే తెరవాలని నిపుణులు చెబుతున్నారు.

శ్వాస గొట్టం విషయం కూడా ఇలాంటిదే. నీరు, రక్తం ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొట్టం వేయాల్సిందే. కానీ దాని చివర ఉండే బెలూన్‌లో గాలి ఎక్కువ నింపినా, మత్తు మెషీన్ నుంచి గొట్టాన్ని విడదీయకుండా పిల్లిని పక్కకు తిప్పినా శ్వాసనాళం చిరగొచ్చు. ఇంటికొచ్చాక మెడ దగ్గర చర్మం ఉబ్బి, నొక్కితే కరకరలాడినట్టు ఉంటే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఇక చలి. నాలుగు కిలోల ఒళ్లు, నోట్లో ఆగకుండా చన్నీళ్లు.. ముసలి పిల్లి త్వరగా చల్లబడిపోతుంది. చల్లబడితే మత్తు దిగడమూ ఆలస్యమే. ఎక్కువ పళ్లు తీయాల్సి ఉంటే ఒకే రోజు గంటల తరబడి సాగదీయకుండా రెండు విడతలుగా చేయడం మేలు.

'మత్తు లేకుండా క్లీనింగ్' అనే మాట వినడానికి బాగుంటుంది. చిగురు కింద ఏముందో మెలకువగా ఉన్న పిల్లిలో చూడటం, ఎక్స్‌రే తీయడం కుదరదు. పైన గార పోయి పళ్లు తెల్లగా మెరుస్తాయి, కింద జబ్బు అలాగే ఉంటుంది. అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ దీన్ని సరైన వైద్యంగా ఒప్పుకోవడం లేదు. పళ్ల ఎక్స్‌రే మెషీన్ మన దగ్గర అన్ని క్లినిక్‌లలో ఉండదు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. కేసు క్లిష్టంగా ఉంటే హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి లాంటి చోట్ల ఉన్న వెటర్నరీ కాలేజీ ఆస్పత్రుల్లో అడగొచ్చు.

గుండె ఫెయిలై ఆయాసపడుతున్న పిల్లికి, కిడ్నీ జబ్బు ముదిరి వాంతులతో పడిపోయిన పిల్లికి ఇప్పుడే సర్జరీ వద్దని డాక్టరే చెబుతారు. ముందు ఒంటిని నిలబెట్టాలి. అది కుదరకపోతే నొప్పి మందు, మెత్తటి తిండితో నెట్టుకురావాలి.

ఇంటికొచ్చాక నొప్పిగా ఉందని మనుషుల పారాసెటమాల్ ఇస్తే మాత్రం ప్రాణం పోతుంది. చిన్న ముక్క కూడా పిల్లికి విషమే. డాక్టర్ రాసిన మందు తప్ప ఏదీ వద్దు. తిండిని కాస్త గోరువెచ్చగా, మెత్తగా చేసి పెట్టాలి. పళ్లన్నీ తీసేసినా పిల్లులు బాగానే తింటాయి. 24 గంటలు దాటినా ఏమీ ముట్టకపోతే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వంతా కాలేయంలో పేరుకుని మరో ప్రాణాపాయం తెచ్చిపెడుతుంది.