పెద్ద కాలు చెప్పిన చరిత్ర

చంద్రపూర్ చరిత్ర అనగానే మనం గోండు రాజుల పేర్లు, కోట గోడలు, మహాకాళి గుడి, బొగ్గు గనులు చెప్తాం. పరీక్షలో కూడా అవే రాస్తాం. కానీ ఈ నేలకి రాజుల కన్నా చాలా పాత చరిత్ర ఒకటి ఉంది. దాన్ని మనకి చెప్పినవి శాసనాలు కావు, తుంటి ఎముకలు, కాళ్ల ఎముకలు.

ముందు మన కాలు చూద్దాం. ఒక్కో కాలిలో 30 ఎముకలుంటాయి. తొడలో ఒకటి, మోకాలి చిప్ప ఒకటి, పిక్కలో రెండు, మిగతా 26 పాదంలోనే. తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగం తుంటి ఎముక గిన్నెలో కూర్చుంటుంది. మన శరీరంలో అన్నిటికన్నా పొడవైన ఎముక తొడ ఎముకే. అయినా పెద్దవాళ్లలో కూడా అది సుమారు అర మీటరే.

ఇప్పుడు సిరోంచకు వెళ్దాం. ఇప్పుడది గడ్చిరోలి జిల్లా. 1982 దాకా మన చంద్రపూర్ జిల్లాలోనే ఉండేది. అక్కడ పోచంపల్లి అనే ఊరుంది, చీరల పోచంపల్లి కాదు. 1958 నుంచి 1961 దాకా కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ ప్రాంతంలో తవ్వితే సుమారు 300 ఎముకలు దొరికాయి. అవి కనీసం ఆరు జంతువులవి. తలలు మాత్రం దొరకలేదు. ఒక తొడ ఎముక మీటరు కన్నా చాలా పొడవుంది. దాన్ని చూసి తవ్వేవాళ్లు 'బడా పా' అన్నారు, అంటే పెద్ద కాలు. 1975లో జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, చటర్జీ అనే నలుగురు శాస్త్రవేత్తలు ఆ మాటతోనే దానికి 'బరపాసారస్ టాగోరి' అని పేరు పెట్టారు. 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం, అందుకే ఆయన పేరు చేర్చారు.

తల లేకుండా అది డైనోసార్ అని ఎలా తెలిసింది? తుంటి వల్ల కూడా తెలుస్తుంది. బల్లి తొడలు పక్కలకి చాచి ఉంటాయి. డైనోసార్ కాళ్లు ఏనుగు కాళ్లలా ఒంటి కింద నిటారుగా నిలబడతాయి. మన తుంటి గిన్నెకి అడుగు ఉంటుంది, డైనోసార్ తుంటిలో అక్కడ రంధ్రం ఉంటుంది. అంటే నడకంతా ఎముకలోనే రాసి ఉందన్నమాట!

నదికి ఇవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో ఇంకో డైనోసార్ దొరికింది. 1988లో యాదగిరి గారు దాన్ని వర్ణించారు. ఆ జాతికి ఆధారంగా తీసుకున్న ఎముక తుంటిదే. పేరు 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్'. సిరోంచ దగ్గరి కోట అనే ఊరు, యామన్‌పల్లి, రెండూ ఆ పేరులో ఉన్నాయి. మన తెలుగు ఊర్ల పేర్లు ప్రపంచంలోని శాస్త్ర పుస్తకాల్లోకి అలా వెళ్లాయి.

పెద్ద కాలుని చూడాలంటే కోల్‌కతా వెళ్లాలి. కోటాసారస్‌ని చూడాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్లాలి. దొరికిన చోట పెరిగే పిల్లలకి మాత్రం వాటి పేర్లే తెలియవు. మన వరోరా తాలూకా పిజ్దురా పొలాల్లో కూడా డైనోసార్ ఎముకలు దొరికాయి. కాబట్టి పొలంలోనో వాగులోనో ఎముకలాంటి రాయి కనిపిస్తే పగలగొట్టొద్దు, ఇంటికి తెచ్చుకోవద్దు. చోటు గుర్తుపెట్టుకుని టీచర్‌కి చెప్పండి. ఏ పొరలో, ఏ ఎముక పక్కన దొరికిందో తెలియకపోతే ఆ ఎముక సగం మూగదైపోతుంది. 18 కోట్ల ఏళ్లు దాగిన చరిత్రని ఒక్క సుత్తి దెబ్బతో పోగొట్టకూడదు కదా.