అంచెల గ్రాంట్లు: చిన్న కంపెనీకి దక్కేది డబ్బా, నెట్‌వర్కా?

జర్మనీలోని ఆఖెన్ నగరంలో ఫ్రాన్‌హోఫర్ ఐపీటీ అనే పరిశోధన సంస్థ ఉంది. విమాన ఇంజిన్లలో వాడే బ్లిస్క్ అనే రెక్కల చక్రాన్ని అక్కడ ఒకే లోహపు దిమ్మె నుంచి చెక్కుతారు. గంటలకొద్దీ సాగే పని. మధ్యలో రెక్క కాస్త అదిరినా దాని ఉపరితలం పాడవుతుంది. ఆ సంగతి పనంతా అయ్యాక గానీ బయటపడదు. అందుకే అదురును పసిగట్టే సెన్సర్‌ను ఆ చక్రానికే బిగించి, 5జీ ద్వారా ఎప్పటికప్పుడు సమాచారం పంపే పద్ధతిని ఎరిక్సన్‌తో కలిసి పరీక్షించారు. కదిలే చక్రానికి తీగ కట్టి లాక్కురాలేం కదా!

ఇలాంటి సెన్సర్‌ను పదిమంది పనిచేసే కంపెనీ కూడా తయారుచేయగలదు. దాన్ని పరీక్షించే నెట్‌వర్కును పెట్టుకోవడమే దాని వల్ల కాదు. బేస్ స్టేషన్ కావాలి, కోర్ నెట్‌వర్క్ కావాలి, స్పెక్ట్రం అనుమతి కావాలి, వాటిని నడిపే ఇంజినీర్లు కావాలి. క్యాస్కేడింగ్ గ్రాంట్లు, అంటే అంచెల గ్రాంట్లు, పుట్టింది ఈ ఇబ్బంది నుంచే.

యూరోపియన్ యూనియన్ 2021లో స్మార్ట్ నెట్‌వర్క్స్ అండ్ సర్వీసెస్ అనే ఉమ్మడి సంస్థను ఏర్పాటుచేసి, 2021-27 కాలానికి 90 కోట్ల యూరోలు కేటాయించింది. ఆ డబ్బు ముందు పెద్ద కన్సార్షియంలకు, అంటే సంస్థల కూటములకు, వెళ్తుంది. వాటిలో కొన్ని తమ వాటాలోంచి కొంత తీసి, దరఖాస్తులు పిలిచి చిన్న కంపెనీలకు పంచుతాయి. పెద్ద కాలువ నీళ్లు పంట బోదెల్లోకి మళ్లినట్టు. ఫ్రాన్‌హోఫర్ ఐపీటీ నేతృత్వంలోని టార్గెట్-ఎక్స్ ప్రాజెక్టు; మలగా, ఏథెన్స్, బెర్లిన్, ఔలు నగరాల్లో టెస్ట్‌బెడ్‌లు (పరీక్షా నెట్‌వర్కులు) ఉన్న 6జీ-శాండ్‌బాక్స్ ప్రాజెక్టు ఇలా పంచినవే. నిబంధనల ప్రకారం ఒక్కో కంపెనీకి మామూలుగా 60,000 యూరోలు దాటకూడదు. మన లెక్కలో అర కోటికి కాస్త పైన.

యూరోపియన్ యూనియన్ పరిశోధన నిధి అయిన హొరైజన్ యూరప్‌కు నేరుగా వెళ్లాలంటే సాధారణంగా కనీసం 3 దేశాల నుంచి 3 సంస్థలు జతకట్టాలి. దరఖాస్తు గడువు ముగిశాక ఒప్పందం కుదరడానికే 8 నెలల దాకా పట్టవచ్చు. నెలనెలా జీతాలకు తడుముకునే కంపెనీ అంతకాలం ఎదురుచూడలేదు. అంచెల పద్ధతిలో ఒంటరిగా, చిన్న దరఖాస్తుతో వెళ్లవచ్చు.

మరి ఫలితం ఉందా? ఎన్ని కంపెనీలకు డబ్బు ఇచ్చామన్న లెక్కలు, విజయగాథలు దీనికి జవాబు కావు. గట్టి కంపెనీలనే ఎంచుకుంటే, గ్రాంటు లేకపోయినా అవి నిలదొక్కుకునేవేమో.

ఈ చిక్కును విప్పిన ఒక అధ్యయనం అమెరికాలో ఉంది. ఆర్థికవేత్త సబ్రీనా హోవెల్ దాన్ని 2017లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో ప్రచురించారు. ఇంధన శాఖ చిన్న కంపెనీలకిచ్చే పరిశోధన గ్రాంట్లలో, ర్యాంకుల వారీగా కొద్దిలో గట్టెక్కినవాటిని, కొద్దిలో తప్పిపోయినవాటిని ఆమె పోల్చారు. 1,50,000 డాలర్ల తొలి గ్రాంటు అందుకున్న కంపెనీలకు తర్వాత వెంచర్ పెట్టుబడి దొరికే అవకాశం 10 నుంచి 19 శాతానికి పెరిగింది. రెండో దశలో ఇచ్చిన 10 లక్షల డాలర్లకు ఆ పెట్టుబడి విషయంలో అలాంటి ప్రభావం కనిపించలేదు. ప్రభుత్వ ముద్ర పడినందువల్ల కాదు, నమూనా తయారుచేసి పరీక్షించుకోగలిగినందువల్లే మేలు జరిగిందని ఆమె నిర్ధారణ. డబ్బుకు బాగా కటకటలాడే కంపెనీలకే ఎక్కువ లాభం కలిగింది.

అక్కడి ఇంధన రంగపు ఫలితాన్ని యూరప్ టెలికాంకు ఉన్నదున్నట్టు అంటగట్టలేం. అయినా తొలి పరీక్షకు చిన్న మొత్తమైనా అక్కరకొస్తుందన్న వాదనకు అది బలమైన ఆధారం. నా మట్టుకు 60,000 యూరోలకన్నా, నడుస్తున్న నెట్‌వర్కులోకి ప్రవేశమే అసలు గ్రాంటు. అందులోనే ఒక ప్రమాదమూ ఉంది. ఒకే తయారీదారు పరికరాల మీద పరీక్షించిన ఉత్పత్తి మరో నెట్‌వర్కులో తడబడవచ్చు. రెండో టెస్ట్‌బెడ్‌లోనూ నెగ్గితేనే ఆ ఫలితాన్ని నమ్మాలి.

మన దేశంలో ఐఐటీ హైదరాబాద్ సహా 8 సంస్థలు కలిసి, దాదాపు 220 కోట్ల రూపాయలతో నిర్మించిన 5జీ టెస్ట్‌బెడ్ 2022 మేలో ప్రారంభమైంది. ఇలాంటి సదుపాయాలకు, నిధులకు దరఖాస్తులు పిలిచే అధికారులకు ఒక విన్నపం: ఎంపికైనవారితో పాటు కొద్దిలో తప్పిపోయినవారి మార్కులు కూడా భద్రపరచండి. మూడేళ్ల తర్వాత ఇద్దరి పరిస్థితినీ పోల్చి, ఆ లెక్క బయటపెట్టండి.