గొంగళి మొదలు వానకోటు వరకు

కర్నూలు జిల్లాలోని కోడుమూరు వానలకు పేరుపడిన ఊరు కాదు. హంద్రీ నది పారు ఆ మెట్టసీమలో ఏటికి సగటున 600 నుండి 700 మిల్లీమీటర్ల వర్షమే కురియును. అదియైనను సంవత్సరమంతట సమముగా పడునది కాదు. నెలల తరబడి మబ్బు జాడ కానరాదు; పడిననాడు కుండపోతగా పడును. 2009 అక్టోబరు మొదటి వారమున ఇచ్చటను ఎగువనను కురిసిన భారీ వర్షములకు హంద్రీ, తుంగభద్రలు పొంగి కర్నూలు నగరమును ముంచెత్తుటయే ఇందుకు తార్కాణము.

అట్టిచోట గొఱ్ఱెల మంద వెంట బీళ్ళలో తిరుగు కాపరికి, వాన వచ్చినచో తలదాచుకొనుటకు గుబురైన చెట్టు కూడ అరుదు. వాన ఎప్పుడు వచ్చునో తెలియదు కావున రక్షణసాధనమును నిత్యము వెంట మోయవలెను. మోయవలెనన్న, వాన లేని దినములందు కూడ అది మరొక పనికి రావలెను. ఈనాడు కొండలెక్కు యాత్రికుడు తన సంచి సర్దుకొనునపుడు ఎదుర్కొను సమస్యయు ఇదియే. దీనికి మన పూర్వులు గొంగళిని పరిష్కారముగా కనుగొనిరి. రెండువందల సంవత్సరములుగా రసాయనశాస్త్రము మరికొన్ని పరిష్కారములను కనుగొన్నది. ఆ కథ ఎట్టిదో చూతము.

కాపరి మూట

మేత కరవైన నెలలలో మందలను తోలుకొని దూరప్రాంతములకు వలసపోవుట రాయలసీమ గొఱ్ఱెల కాపరులకు పాత అలవాటు. రాత్రులందు రైతుల చేలలో మందను నిలిపి, దాని ఎరువునకు ప్రతిఫలముగా ధాన్యమో పైకమో పుచ్చుకొందురు. వారముల కొలది ఇట్లు నడచువానికి మూట బరువే మొదటి లెక్క. కావుననే అతడు చలికొక దుప్పటి, వానకొక కోటు, పడకకొక చాప అని వేర్వేరుగా మోయడు. ఒక్క గొంగళియే ఈ పనులన్నిటిని చేయును. ఎండలో దానిని మడచి భుజముపై వేసికొనును. వానలో ఒక మూలను లోనికి మడచి తలపై ముసుగుగా దించుకొనును. రాత్రి అదియే పడక, అదియే కప్పు. అప్పుడే పుట్టిన గొఱ్ఱెపిల్లను చుట్టి తెచ్చునదియు అదియే.

ఈ గొంగళి దక్కనీ జాతి గొఱ్ఱెల ముతక ఉన్నితో తయారగును. కురువల ఇండ్లలో స్త్రీలు ఉన్నిని శుభ్రపరచి నూలు వడకగా, పురుషులు గుంతమగ్గముపై నేయుదురు. నూలు గట్టిపడుటకు చింతగింజల గంజి పెట్టుట వాడుక. నల్లగొఱ్ఱె ఉన్నికి రంగు వేయవలసిన పని కూడ లేదు.

ఉన్నిలోని మర్మము

నీటిబొట్టు ఒక వస్తువుపై పరచుకొనునా, గుండ్రముగా నిలుచునా అను విషయమును 1805లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ వివరించెను. బొట్టు అంచునకును దాని క్రింది తలమునకును మధ్య నుండు కోణము పెద్దదైన కొలది ఆ తలము తడియక నిలుచును. తామరాకుపై నీటిబొట్టు ఇందుకు అందరెరిగిన ఉదాహరణము. 1944లో కాసీ, బాక్స్‌టర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు మరియొక మెట్టు ముందుకు సాగిరి. పోగుల నడుమ గాలి నిలిచియున్న వస్త్రముపై బొట్టు కొంత పోగుపైనను కొంత గాలిపైనను ఆని యుండుటచే, ఆ వస్త్రము నీటిని మరింత విదల్చునని వారు లెక్కలతో చూపిరి. వారు పనిచేసినది ఇంగ్లండులోని ఉన్ని పరిశ్రమ పరిశోధన సంస్థలోనే యగుట గమనింపదగినది.

ఉన్ని వెండ్రుక పైపొర కొవ్వు స్వభావము గలది. దానికితోడు గొఱ్ఱె చర్మము నుండి ఊరు లానోలిన్ అను జిడ్డు కొంత ఉన్నిలో మిగిలియుండును. ఈ రెండును నీటిబొట్టును వెలుపలనే నిలుపును. వెండ్రుక లోపలి భాగము మాత్రము ఇందుకు భిన్నము. అది నీటి ఆవిరిని తన బరువులో దాదాపు మూడవవంతు వరకు పీల్చుకొనగలదు. పీల్చుకొనునపుడు కొంత వేడిని కూడ వెలువరించును. కావుననే గొంగళి కప్పుకొనిన వానికి వాన చల్లదనము వెంటనే ఒంటికి తగులదు, లోపలి చెమటావిరియు నిలిచిపోదు.

అయినను గొంగళికి లోపము లేకపోలేదు. జడివాన గంటల తరబడి కురిసినచో పోగుల నడుమ కూడ నీరు నిండును. అప్పుడది మోయరాని బరువగును. ఆరుటకు ఎండ కావలెను.

రబ్బరు వచ్చుట

దక్షిణ అమెరికా అడవులలోని ప్రజలు ఒకానొక చెట్టు పాలను గుడ్డలకు పూసి, నీరు చొరని వస్తువులు చేసికొనెడివారు. ఆ ఖండమునకు వెళ్ళిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లా కొండమైన్ 1736లో రబ్బరు నమూనాను పారిస్‌కు పంపెను. కాని ఎండి గట్టిపడిన రబ్బరును మరల ద్రవముగా మార్చి గుడ్డకు పూయుట ఎట్లో యూరపువారికి చాలకాలము తెలియలేదు. గ్లాస్గో నగరమునందు చార్లెస్ మాకింటాష్, బొగ్గువాయువు తయారీలో మిగులు తారు నుండి లభించు నాఫ్తాలో రబ్బరును కరగించి, రెండు గుడ్డల నడుమ దానిని పొరగా నుంచెను. 1823లో దీనికి పేటెంటు పొందెను. ఇంగ్లీషువారు నేటికిని వానకోటును ఆయన పేరుతో పిలుచుట కలదు.

ఆ తొలి కోటులు చలికి బిరుసెక్కెడివి, ఎండకు జిగటగా నయ్యెడివి. కుట్టు పడినచోట సూదిరంధ్రముల గుండ నీరు కారెడిది. మరియు ఉన్నిగుడ్డలోని సహజమైన జిడ్డు రబ్బరును చెరచెడిది. గొంగళికి మేలుచేసిన జిడ్డే ఇచ్చట కీడు చేసినదన్నమాట! 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసినచో అది చలికిని ఎండకును చెక్కుచెదరదని కనుగొనెను. ఆయనకు 1844లో అమెరికాలోను, థామస్ హాంకాక్‌కు దాదాపు అదే కాలమున ఇంగ్లండులోను పేటెంట్లు లభించెను.

చెమట సంగతి

వెలుపలి నీటిని ఆపు సమస్య ఇట్లు తీరినది. లోపలి నీటి సమస్య మిగిలినది. బరువుతో ఎత్తెక్కువానికి గంటకు అరలీటరు నుండి లీటరు వరకు చెమట పట్టవచ్చును. రబ్బరుకోటులో ఆ చెమట బయటికి పోక లోపలి బట్టలను తడుపును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. నడక ఆగి గాలి వీచినపుడు తడిబట్ట ఆ వేడిని శరీరమునుండియే లాగికొనును. కొండలపై అనేకులు మంచువలన గాక, తడిసిన బట్టలవలననే ప్రాణాపాయమునకు లోనగుదురు.

ఈ చిక్కునకు పరిష్కారముగా ఇంగ్లండులో థామస్ బర్బెరీ 1879లో గాబర్డీన్ వస్త్రమును కల్పించెను. నేసిన పిమ్మట పూత పూయుటకు బదులు, నూలునే నీటికి తడియనట్లు చేసి దట్టముగా నేయుట ఇందలి విశేషము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మాంచెస్టరులోని షర్లీ సంస్థవారు చల్లని సముద్రమున పడిన వైమానికుల రక్షణకై వెంటైల్ అను నూలు వస్త్రమును రూపొందించిరి. తడిసినంతనే దాని పోగులు ఉబ్బి సందులను మూసివేయును.

1938లో రాయ్ ప్లంకెట్ కనుగొనిన టెఫ్లాన్ పదార్థమును, 1969లో రాబర్ట్ గోర్ వేడిచేసి ఒక్క ఊపున సాగదీసెను. అది అతిసూక్ష్మమైన రంధ్రములతో నిండిన పలుచని పొరయయ్యెను. ఆ రంధ్రములు నీటిబొట్టుకు చాల చిన్నవి, నీటి ఆవిరి అణువుకు చాల పెద్దవి. 1976 నుండి గోర్-టెక్స్ పేరుతో ఈ పొరగల దుస్తులు వచ్చినవి. ఇట్టి కోటు సుమారు 300 గ్రాముల బరువుతో చిన్న పొట్లముగా మడుచుకొనును. అయితే ఇట్టి ఫ్లోరిన్ పదార్థములలో కొన్ని ప్రకృతిలో నశింపక చిరకాలము నిలుచునని తెలియుటచే, ఫ్లోరిన్ లేని పొరల తయారీ ఇటీవల ఆరంభమైనది.

సంచి సర్దు విధము

ఎంత మంచి కోటైనను సంచి అడుగున నున్నచో ఫలము లేదు. దానిని తీయులోపల అన్నియు తడిసిపోవును. కావున వానకోటు అన్నిటికంటె చివర సర్ది, మొదట చేతికందునట్లు పైన ఉంచవలెను. రాత్రి తొడుగుకొను పొడిబట్టలను ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి లోపల పెట్టవలెను. తడిసిన కోటును వాటితో ఎన్నడును కలుపరాదు. ప్రతిసారి ఒకే మడతపై మడచినచో అచ్చట పూత పగులును. వదులుగా చుట్టుట మేలు. ఇంటికి రాగానే ఆరవేయవలెను. ఒక వస్తువు రెండు పనులకు వచ్చినచో రెండవ వస్తువును ఇంటనే విడువవచ్చును. కాపరి గొంగళి భుజముననే యుండుటలోను, ఒక్కటియే పలువిధముల ఉపయోగపడుటలోను ఈ సూత్రములే కానవచ్చును.

ఇప్పుడు కాపరులు ప్లాస్టిక్ పట్టాను కప్పుకొనుట ఎక్కువైనది. అది చవుక, తేలిక. జడివానలో గొంగళికంటె మిన్న. కాని చలికి దుప్పటి కాజాలదు, చెమటను వెలికి పోనీయదు. మాంసమునకు గిరాకి పెరుగుటచే, ఉన్ని లేని నెల్లూరు జాతి పొట్టేళ్ళతో సంకరము చేయగా అనేక మందలలో ఉన్నియే తగ్గినది. ఉన్ని తగ్గగా వడకువారును, నేయువారును తగ్గిరి. జాతి గొఱ్ఱె ఒకసారి నశించినచో దానిని ఏ ప్రయోగశాలయు మరల సృజింపజాలదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న పరీక్ష చేయించవచ్చును. మూడు గ్లాసులలో సమానముగా వేడినీరు పోసి, ఒకదానిపై గొంగళి ముక్కను, ఒకదానిపై నూలుగుడ్డను, ఒకదానిపై ప్లాస్టిక్ కాగితమును కప్పవలెను. ఒక్కొక్కదానిపై చల్లని గాజుపలకను కొంచెము ఎత్తున పట్టినచో ఆవిరి దేనిగుండ వచ్చుచున్నదో తెలియును. పిదప మూడింటిపైనను ఒక్కొక్క నీటిబొట్టు వేసి చూడవలెను. బొట్టును నిలుపుచు ఆవిరిని విడుచునది ఏదియో విద్యార్థులే చెప్పగలరు.