గూడు పగలకముందే అమ్మాలి

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. జిల్లాకు మిగిలిన పేరు పట్టుదీ, పాలదీ. తెలుగు, కన్నడం కలగలిసి వినిపించే వేమగల్ చుట్టుపక్కల ఊళ్లలో జీవనది లేదు. బోరునీళ్లతో మల్బరీ పెంచి, పురుగులను మేపి, చంద్రికలనే వెదురు తట్టల మీద గూళ్లు కట్టించడం ఇక్కడి రైతుకు తెలిసిన విద్య.

ఆ విద్యకు ఒక గడువుంది. గూడు కట్టిన పది పన్నెండు రోజుల్లో లోపలి పురుగు చిలుకై, గూడు చీల్చుకుని బయటికొస్తుంది. చిల్లుపడ్డ గూటి నుంచి ఏకదారం రాదు. కొనేవాడు నాలుగు రోజులు ఆగగలడు, అమ్మేవాడు ఆగలేడు. ఊళ్లోకొచ్చి కంటిచూపుతో ధర కట్టే దళారి బలమంతా అందులోనే ఉండేది.

1959లో మైసూరు రాష్ట్రం (నేటి కర్ణాటక) చట్టం చేసి గూళ్ల అమ్మకాన్ని సర్కారు మార్కెట్లకు మళ్లించింది. గూళ్ల నుంచి దారం తీసే, లైసెన్సున్న రీలర్లు అందరి ముందూ వేలం పాడాలి, తూకం సర్కారుది. నలుగురు పోటీపడే వేలం దానంతట అది పుట్టలేదు, చట్టం పుట్టించింది. అప్పట్లో కోలారు జిల్లాలోనే ఉన్న శిడ్లఘట్ట ఈ వ్యాపారానికి పెద్ద కేంద్రమైంది. సరిహద్దు దాటి ఆంధ్ర రైతులూ గూళ్లు తెచ్చేవారు. దారం ధర పడిపోతే రీలరు చేతిలో డబ్బాడదు, గూళ్ల పాట మందగిస్తుంది. అందుకే పట్టుదారం కొని ధర నిలబెట్టడానికి 1979లో కర్ణాటక సిల్క్ మార్కెటింగ్ బోర్డు వచ్చింది.

అయితే మార్కెట్ గోడ లోపల ఎంత న్యాయముంటే ఏం? ధర రేవుల్లోనూ తేలుతుంది. ఆర్థిక మాంద్యం రోజుల్లో చైనా, జపాన్ చౌకపట్టు మైసూరు రైతును కుంగదీస్తే 1934లో రక్షణ సుంకాలు వేయాల్సివచ్చింది. ఆ పాఠం మరిచి 2011 కేంద్ర బడ్జెట్ ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారే 5 శాతానికి దించింది. గూళ్ల ధరలు కూలాయి, రైతులు రోడ్డెక్కారు. 2013లో సుంకాన్ని 15 శాతానికి పెంచారు. ఈలోపు మల్బరీ పీకేసిన రైతుకు ఆ పెంపు ఎందుకు?

పక్కనే టమాటా. దానికీ గూళ్లలాగే గడువుంది, కానీ మద్దతు ధర లేదు. కోలారు మార్కెట్‌లో 2023 జూలైలో 15 కిలోల పెట్టె 2,000 రూపాయలు దాటింది. ధర లేని నెలల్లో అదే పంటను రోడ్డు మీద పారబోశారు. ఇలాంటి పంటల కోసం కేంద్రం దగ్గర మార్కెట్ జోక్య పథకం ఉంది. అయితే ధర పడ్డాక రాష్ట్రం కోరితేనే అది కదులుతుంది. ఆ ఉత్తరాలు నడిచేలోపు కాయ కుళ్లిపోతుంది. ధర పడిన వారంలోనే పథకం మార్కెట్ యార్డులోకి రావాలి. 1959లో గూటి గడువును గుర్తించి చట్టం చేయగలిగిన ప్రభుత్వానికి ఇది చేతకాని పని కాదు.