నాగవల్లికి తెలుగు ఎలా వచ్చింది?

2004 ఆగస్టు 27న బెంగళూరు థియేటర్లలో 'ఆప్తమిత్ర' విడుదలైంది. అప్పటికి సౌందర్య పోయి నాలుగు నెలలు దాటింది. ఏప్రిల్ 17న కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికని జక్కూరు ఏరోడ్రోమ్‌లో ఆమె ఎక్కిన చిన్న విమానం, నేల విడిచిన కాసేపటికే కూలిపోయింది. వెంట ఉన్న సోదరుడు అమరనాథ్ కూడా దక్కలేదు. చనిపోయిన మనిషిని కడసారి తెరమీద చూద్దామని వెళ్లిన జనానికి, ఆ మనిషి ఒంట్లోకి ఇంకో చనిపోయిన మనిషి రావడం కనిపించింది. అంత భయం ఏ దర్శకుడూ కోరి తెచ్చుకోలేడు.

ఆ వచ్చినావిడ పేరు నాగవల్లి. ఆవిడ తెలుగు మాట్లాడింది.

కన్నడ సినిమా, మైసూరు కథ, ఎదురుగా విష్ణువర్ధన్. మధ్యలో తెలుగు! బెంగళూరులో తెలుగు వినపడని వీధి ఏదైనా ఉందా? చిక్కపేట బట్టల కొట్లలో, కట్టుబడి పనుల దగ్గర, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల లిఫ్టుల్లో రోజూ చెవిన పడే మాటే. ఆ మాటే తాళం తీయకూడని గదిలోంచి వచ్చేసరికి హాలంతా బిగుసుకుపోయింది. హాల్లో ఉన్న మనవాళ్ల సంగతి ఆలోచించండి. చుట్టూ అందరూ జడుసుకుంటున్న ఆ భాష వాళ్లింట్లో అమ్మ అన్నానికి పిలిచే భాష.

సౌందర్య నోట ఆ తెలుగు అరువు తెచ్చుకున్నట్టు లేదు. ఆమెది కోలారు జిల్లా ముళబాగిలు. ఒకే అరుగు మీద కూర్చుని ఒకరు కన్నడంలో అడిగితే ఇంకొకరు తెలుగులో జవాబిచ్చే సరిహద్దు సీమ. తండ్రి కన్నడ సినిమా రచయిత, ఆమెను ఇంటింటి ఆడపడుచును చేసుకున్నది మాత్రం తెలుగు ప్రేక్షకులు.

ఇంతకీ నాగవల్లి పుట్టింది తెలుగులోనూ కాదు, కన్నడంలోనూ కాదు. కేరళలో ముట్టం అనే ఊళ్లో ఆలుమ్మూట్టిల్ అని ఒక పాత పెద్దింటి మేడ ఉంది. ఆ ఇంట్లో ఎప్పుడో జరిగిన హత్యల కథ రచయిత మధు ముట్టం మనసులో నాటుకుంది. దాంట్లోంచి ఆయన అల్లిన కథను ఫాజిల్ 1993లో 'మణిచిత్రతాళు' పేరుతో తీశాడు. కొత్త కోడలు గంగ మూసి ఉన్న గది తెరుస్తుంది, అక్కడ బతికి చచ్చిన నర్తకి కథలో మునిగి తానే ఆ నర్తకి అయిపోతుంది. శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన పాత్ర ఇది. మలయాళంలో నాగవల్లి తంజావూరు నుంచి వచ్చిన తమిళ మనిషి. గంగ మాటలకు ఒకరు, నాగవల్లి తమిళానికి ఇంకొకరు గొంతు అరువిచ్చారు. ఒక దేహం, రెండు కంఠాలు అన్నమాట.

పి.వాసు దాన్ని కన్నడంలోకి తెచ్చినప్పుడు నర్తకిని ఆంధ్ర నుంచి రప్పించాడు. మరుసటి ఏడాది రజనీకాంత్‌తో తమిళ 'చంద్రముఖి' తీసినప్పుడూ ఆవిడ తెలుగు మనిషే. తమిళ సినిమాలో 'రారా' పాటకు మన భువనచంద్ర తెలుగు మాటలు రాశారు. 2007లో ప్రియదర్శన్ చేతిలో హిందీకి వెళ్లి 'భూల్ భులయ్యా' అయ్యేసరికి విద్యాబాలన్ ఒంటిమీదికి వచ్చింది బెంగాలీ మంజులిక. సరిహద్దు దాటినప్పుడల్లా కథ అలాగే ఉంది, దెయ్యం భాష మాత్రం మారింది. ఎవరి సినిమాలోనూ దెయ్యం సొంత భాష మాట్లాడదు. పరాయి నుడి రావాలి, అదీ మరీ దూరానిది కాకూడదు. జర్మన్ మాట్లాడితే జనం నవ్వుతారు. చెవికి తెలిసీ తెలియనట్టుండే పక్కింటి భాషైతేనే వెన్నులో చలి పుడుతుంది.

మనం వేలెత్తి చూపబోయేలోపు ఒక మాట. 'చంద్రముఖి' తెలుగు అనువాదంలో ఆ పాట 'వారాయ్' అయింది, నర్తకి తమిళం అందుకుంది. వంతు వచ్చేసరికి మనమూ పక్కింటి తలుపే తట్టాం.

సినిమాలోని డాక్టరు దీన్ని జబ్బంటాడు, లోపలి మనిషి రెండుగా చీలడం అంటాడు. భాష రానివాళ్ల నోట ఆ పరాయి భాష రావడమనేది వట్టి సినిమా కల్పన కూడా కాదు. 1974లో నాగపూరులో ఒక మరాఠీ అధ్యాపకురాలు ఉన్నట్టుండి తాను శారదనని, పాతకాలపు బెంగాలీ ఇల్లాలినని చెప్పుకుంటూ బెంగాలీ మాట్లాడసాగింది. బెంగళూరు మనోవైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా, అమెరికా నుంచి వచ్చిన ఇయాన్ స్టీవెన్‌సన్‌తో కలిసి ఆ ఉదంతాన్ని పరిశీలించారు. అది పునర్జన్మకు సంబంధించినదని స్టీవెన్‌సన్ వాదించాడు. ఆమె చిన్నప్పుడు బెంగాలీ లిపి కొంత నేర్చుకుందని, బెంగాలీ నవలలంటే ఇష్టపడేదని కూడా ఆయన నివేదికల్లోనే ఉంది. భాషాశాస్త్రజ్ఞులు అక్కడే పట్టుకున్నారు. నా ఓటు వాళ్లకే. మరాఠీ మనిషి మనసు చీలినప్పుడు, ఆ చీలికలోంచి వచ్చింది ఆమె పుస్తకాల్లో ప్రేమించిన బెంగాలే. గంగ కథా అంతే, ఆ గదిలోని నర్తకి మీద జాలిపడీ జాలిపడీ ఆవిడే అయింది.

సినిమాలో వైద్యం కూడా విచిత్రంగానే ఉంటుంది. మనోవైద్యుడు మంత్రవాదిని తరిమేయడు, పక్కన కూర్చోబెట్టుకుంటాడు. కర్ణాటకలో ఇది కొత్త కాదు. ఉడుపి దగ్గర కోట అనే ఊళ్లో మనోవైద్యులు మోరిస్ కార్‌స్టెయిర్స్, ఆర్.ఎల్.కపూర్ చేసిన అధ్యయనం 1976లో పుస్తకమైంది. ఆ కపూరే నిమ్హాన్స్‌లో మనోవైద్య విభాగాన్ని నడిపారు. కోటలో మనసు బాగాలేనివాళ్లు నాటువైద్యుడి దగ్గరికీ పోయేవారు, మంత్రవాది దగ్గరికీ పోయేవారు, భూతం పూనే పాత్రి దగ్గరికీ పోయేవారు. అన్నట్టు బెంగళూరు పాత పేటల్లో గోడలమీద 'నాళె బా' అని రాసిపెట్టుకున్న రోజులున్నాయి. మన 'ఓ స్త్రీ రేపు రా'కు అక్కచెల్లెలు. ఆ దెయ్యానికి కన్నడం చదవడం వచ్చునని ఊరి నమ్మకం. నాగవల్లి వచ్చుంటే ఏం చేసేవారో!

ఆవిడ భాష దగ్గరికే మళ్లీ వస్తాను. మైసూరు కొలువులో, తంజావూరు కొలువులో నర్తకి అభినయించేది చాలామటుకు తెలుగు పదాలే. నంజనగూడులో పుట్టి మైసూరు, బెంగళూరుల్లో పేరు తెచ్చుకున్న బెంగళూరు నాగరత్నమ్మ 1910లో తంజావూరు కొలువు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం' పరిష్కరించి అచ్చువేయించింది. అశ్లీలమని మరుసటి ఏడాది ప్రభుత్వం నిషేధించింది. అంటే మైసూరు రాజమందిరానికి తెలుగు పరాయిది కాదు, కొలువులో పాట పాడిన భాష. మలయాళ కథలోని తంజావూరు నాగవల్లి నిజంగా ఉండుంటే ఆవిడా తెలుగు పదాలే పాడేది. సినిమా ఆ భాషను గదిలో పెట్టి తాళం వేసింది.

ఒక దేహంలోకి ఇంకొకరు దిగే కథ మరొకటుంది. 2017లో అమెరికాలో జోర్డన్ పీల్ 'గెట్ అవుట్' తీశాడు. అంతదాకా నవ్వించి బతికిన మనిషి. ఒబామా గెలిచాక, ఇక జాతిభేదం తీరిపోయిందని దేశం తనకు తాను చెప్పుకుంటున్న రోజుల్లో ఆ కథ మొదలుపెట్టాడు. 45 లక్షల డాలర్లతో తీస్తే 25 కోట్లకు పైగా వచ్చింది, మూల స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి రచయిత అయ్యాడు. తెల్ల ప్రియురాలి ఇంటికి వెళ్లిన క్రిస్ ఎదుట ఆమె తల్లి టీ కప్పులో చెంచా తిప్పుతూ కూర్చుంటుంది. చెంచా పింగాణీకి తగిలే చిన్న చప్పుడుకు అతను కుర్చీలోంచి అడుగులేని చీకట్లోకి జారిపోతాడు. తన కళ్లు చూస్తున్నది ఎక్కడో పైన టీవీ తెరలా కనిపిస్తుంటుంది, వేలు కూడా కదలదు. ఆ దేహంలోకి తర్వాత ఒక తెల్లవాణ్ని దించాలన్నది ఆ ఇంటివాళ్ల పథకం.

ఆ చెంచా చప్పుడు వింటే నాకు బెంగాల్‌లోని హుగ్లీ గుర్తొస్తుంది. 1845లో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే స్కాట్లండ్ డాక్టరు అక్కడ మెస్మరిజంతో రోగులను నిద్రపుచ్చి కోతలు మొదలుపెట్టాడు. మొదటి రోగి ఒక ఖైదీ. మరుసటి ఏడాది కలకత్తాలో అందుకోసమే ఆసుపత్రి వెలిసింది. నిద్రపుచ్చే అధికారం తెల్ల డాక్టరుది, నిద్రపోయే దేహాలు ఖైదీలవీ పేదలవీ. 1847లో క్లోరోఫామ్ వచ్చాక ఆ ముచ్చట ముగిసింది.

పీల్ సినిమా చూశాక 'ఆప్తమిత్ర' మళ్లీ చూస్తే కుర్చీలో కుదురుగా కూర్చోలేం. రెండు కథల్లోనూ ఒక దేహంలోకి ఇంకొకరు దిగుతారు. పీల్ కెమెరాను దేహం పోగొట్టుకోబోతున్నవాడి వెనకే ఉంచాడు, అందుకే మర్యాదగా టీ ఇచ్చే ఆ ఇంటివాళ్లను చూసి భయపడతాం. మన సినిమాలో రాజు పరాయి ఊరినుంచి తెచ్చి, ప్రియుణ్ని చంపి, తననూ చంపితే అన్యాయమైపోయిన మనిషి నాగవల్లి. భయపడేది మాత్రం ఆవిడను చూసే. ఆవిడ తెలుగులో ఏం చెబుతోందో వినమని సినిమా అడగదు, ఎంత గట్టిగా అరుస్తోందో వినమంటుంది. బెంగళూరు హాల్లో ఆ మాటలు పూర్తిగా అర్థమైంది మనవాళ్లకే. వాళ్లూ అందరితోపాటే జడుసుకున్నారు.

మలయాళ సినిమా చివర్లో ఆవిడ చేతికి కత్తి ఇస్తారు. ఆవిడ పగబట్టినవాడి స్థానంలో గంగ మొగుణ్ని బల్లమీద పడుకోబెడతారు. ఆవిడ కత్తి ఎత్తేసరికి బల్ల తిరగబడుతుంది, మొగుడు కిందికి పోయి బొమ్మ పైకొస్తుంది. నరికింది బొమ్మనని తెలియక పగ తీరిందనుకుని నాగవల్లి వెళ్లిపోతుంది. 1993లో మలయాళంలో తిరిగిన ఆ బల్లే కన్నడంలోనూ, తమిళంలోనూ, హిందీలోనూ తిరిగింది.